గంపెడు ఇసుక

కణేకల్లు దాటినాక తారురోడ్డు మీద
ఇసుక అడ్డంగా పండుకోనుంటుంది, పశువు మాదిరి.
హారన్ కొడితే లేవదు.
జీపు దిగి నడిచినాం:
సుచరిత మేడం, కెమెరా జిలాన్, శబ్దానికి నేను.
పదకొండు నిమిషాల సినిమా.
ఊరి పేరు అందులో మూడు సెకన్లు.

వన్నూరక్క ఇంటికి పోయేసరికి పొద్దెక్కింది.
అప్పటికే ఊడ్చేసింది.
హగరి గాలి రాత్రంతా తెచ్చి పోసినదాన్ని
తెల్లారుజామునే పరకతో గడప దాటిస్తుందంట.
"అదే మాకు కావాల్సింది. ఇంకోసారి ఊడుస్తావా అక్కా?"
"ఏముందని ఊడ్చేది?"
నిజమే. నాపబండలు
కడిగి బోర్లించిన కంచాల్లా ఉన్నాయి.

జిలాన్ ఒక పిలగాణ్ణి దిబ్బ కాడికి పంపినాడు.
వాడు గంపెడు ఇసుక ఎత్తుకొచ్చి
వెలుతురు పడేచోటు అడిగి మరీ, నట్టింట్లో పోసినాడు.
వన్నూరక్క నవ్వింది.
కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు.
"ఇరవై ఏండ్లాయ బయటికి పారబోస్తాండా.
ఇంట్లోకి మోసుకొచ్చి పోసేటోళ్లను
మిమ్మల్నే చూసినా సామీ!"

ఆ నవ్వు రికార్డయింది. సినిమాలో లేదు.
ఊడ్చేది ఉంది. నాలుగు టేకులు.
నాలుగోదాంట్లో నిజంగానే నడుము పట్టుకుంది.
అదే బాగొచ్చిందన్నారు.

మధ్యాన్నం చేను కాడికి పిల్చకపోయింది.
చేను అనేది ఆమె మాట.
నాకు కనపడింది దిబ్బ.
"ఈడ చెనిక్కాయ. ఆడ కంది సాళ్లు.
అదో, ఆ తుమ్మచెట్టు కాడ మా మామ ఎద్దుల్ని ఇడిసేటోడు."
ఆమె వేలు పోయినచోటికల్లా కెమెరా పోయింది.
తుమ్మచెట్టు కూడా లేదక్కడ.

వానలు ఎప్పట్నుంచి తగ్గినాయని అడిగితే
ఏడాది చెప్పలేదు.
"మా పెద్దోడు ఉయ్యాల్లో ఉన్నప్పుడు
ఇంట్లో ఉప్పు కుండ చెమ్మబట్టేది.
చిన్నదానికి, ఉప్పుకు చెమ్మొస్తాదని
నోటితో చెప్పాల్సొచ్చె."
మేడం నా వైపు చూసినారు.
తెర కింద వేసేందుకు అంకె కావాలి.
ఉప్పును ఏ అంకెలోకి మార్చేది?

మూడో బోరు. ఆరునూట యాభై అడుగులు.
మూతికి రాయి.
రాయి జరిపి మైకు దించినా.
నా తీగ పదహైదు అడుగులే.
వినపడిందేమీ లేదు, ఒట్టి హోరు.
"నాకీ" అనింది.
కొంగు మీదనే హెడ్‌ఫోన్లు తగిలించుకొని
దుమ్ములో చక్కాముట్లేసుకొని కూచుంది.
చానాసేపు వినింది,
దూరం ఊర్నుంచి చుట్టమెవరో ఫోన్లో మాట్లాడుతున్నట్టు.
మధ్యలో ఒకసారి "ఊ" అనింది కూడా.
ఏమినపడిందక్కా అంటే
హెడ్‌ఫోన్లు తీసి, కొంగుతో తుడిచి, నా చేతికిచ్చింది.
రాయి మళ్లా తనే పెట్టింది.

సినిమా అనంతపురంలో ఆడింది, ఢిల్లీలో ఆడింది.
చల్లటి హాల్లో ఎవరో లేచి
రేకుల మీద ఇసుక రాలే చప్పుడు అద్భుతమన్నారు.
నేను లేచి నిలబడి చేతులు జోడించినా.
ఆ చప్పుడు నేను చేసింది కాదని
చెప్పేలోగా వేరే ప్రశ్న వచ్చె.

నిన్న వన్నూరక్క ఫోన్ చేసింది.
సినిమా కోసమేమో అని మొదలుపెట్టినా,
బహుమతొచ్చిందనీ, అందరూ నీ గురించే అడిగినారనీ.
"అదుంటే ఉండనీలేప్పా.
మా గంప మీ జీపులోనే పాయ కదా?
ఈతబరికెల గంప. అల్లినోడు పోయె,
వాని కొడుకు బళ్లారిలో టైర్లకు పంచర్లేస్తాండు.
ఆషాడం గాలి మొదలాయ ఈడ.
ఇసుక దేంతో ఎత్తిపోయల్ల నేను?"

గంప నా గదిలోనే ఉంది.
ఎనిమిది నెలలుగా
వైర్లన్నీ చుట్టి అందులోనే పెట్టుకుంటాండా.
ఇప్పుడే అన్నీ తీసి మంచం మీద పరిచినా.
కణేకల్లు బస్సు
పొద్దున అయిదున్నరకంట.